బయటికి వెళ్లిన సమయం

ఆ శుక్రవారం షట్టర్ లోపల ఉన్నవాళ్లు: ఏసీ డక్టులు చేసే వర్క్‌షాపు ఫోర్‌మన్ నెస్టర్, ఫిలిప్పీన్స్ మనిషి, యాభై దాటినవాడు. అతని దేశం వాళ్లే ఇద్దరు, ఒక మాల్‌లో చెప్పులు అమ్మేవాళ్లు. నేపాల్ సెక్యూరిటీ గార్డులు ఇద్దరు. శ్రీలంక దర్జీ ఒకడు. కడప పక్క పల్లె నుంచి వచ్చి ఒక కువైటీ ఇంట్లో వంట చేసే రమణన్న. రాయచోటి ఖాజా, ఇంటి డ్రైవర్. నేను. వస్తువులు: మేము కౌంటర్ అని పిలుచుకునే రేకులు కోసే బల్ల, దాని మీద పన్నెండు లబన్ మజ్జిగ సీసాలు, ఒక క్యాన్ నిండా నిమ్మకాయ నీళ్లు, ఖర్జూరాల పళ్లెం. స్పీకర్ ఒకటి. పరీక్ష కోసమని రిజిస్టర్‌లో రాసి నడిపించుకునే పెద్ద ఏసీ ఒకటి. అడుగున ఫెల్టు అంటించిన బూట్లు తొమ్మిది జతలు. నేల మీద కోడిగుడ్డు ఆకారంలో అంటించిన పసుపు టేపు. గడువు తీరని ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి.

ఇవన్నీ జ్ఞాపకం నుంచి రాయడం లేదు. ఆ రోజు హాజరు పట్టీ నా దగ్గరే ఉంది. పేర్లు మాత్రం ఈసారి మార్చాను.

పోయిన నెల ఒక ప్రెషర్ గేజ్ కోసం కంపెనీ నన్ను వర్క్‌షాపులు, గోదాములు ఉండే అల్ రాయ్‌కు పంపింది. పని అరగంటలో అయిపోయింది. బండి తెచ్చిన డ్రైవర్ చాయ్ తాగుతుంటే నేను వెనక వీధిలోకి నడిచాను. నెస్టర్ వర్క్‌షాపు ఉన్న చోట ఇప్పుడు తివాచీల గోదాము ఉంది. షట్టర్‌కు నీలం రంగు వేశారు. లోపల జింకు రేకుల వాసన, వేడెక్కిన రబ్బరు జిగురు వాసన లేవు. కొత్త ఊలు వాసన ఉంది. ఏం కావాలని అడిగిన బంగ్లాదేశ్ కుర్రవాడికి, చూస్తున్నానంతే అని చెప్పాను. తివాచీల చుట్టలు పేర్చిన వరసకు, స్తంభానికి మధ్య జానెడు జాగాలో పసుపు టేపు ముక్క ఇంకా నేలకు అతుక్కుని ఉంది. వంపు తిరిగే చోటు అది. కొలిచాను, నా బూటు కన్నా కొంచెం పొడుగు. తిరిగి వచ్చిన ఆ సాయంత్రమే ట్రంకు పెట్టె అడుగు నుంచి పట్టీ తీశాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చదివి, అహ్మది చమురు ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద టెక్నీషియన్‌గా చేరాను. మంగఫ్‌లో గది. ఆరుగురం, మూడు ఇనుప బంకులు. తలుపు వెనక స్నానాల గది వంతుల పట్టీ ఉండేది. అది నేనే రాశాను. తెల్లవారుజామున నాలుగు ఇరవైకి బస్సు. గదికి పెద్ద ఓబులేసన్న. స్కాఫోల్డింగ్ పని, పదమూడేళ్లుగా కువైట్‌లో ఉన్న మనిషి. పొద్దున లేవగానే ఊరి నుంచి వచ్చిన మామిడికాయ తొక్కు డబ్బా మూత తీసి వాసన చూసి మళ్లీ పెట్టేసేవాడు. తినడానికి కాదు, ఊరికే. శుక్రవారం సంగటి ఆయనే కెలికేవాడు. సంగటిలోకి చెనిగ్గింజల పచ్చడి, ఊరిబిండి, నూరడం నా వంతు. "మిక్సీలో ఏస్తే ఊరిబిండి అయితాదా అబ్బీ, సిమెంటు అయితాది," అని రోలు కూడా తెప్పించాడు. నాకు జ్వరం వస్తే నా యూనిఫాం ఉతికింది ఆయనే. ఇది ముందే చెప్పడం అవసరం.

సంగటి తిని, నమాజు వేళకు వీధులు ఖాళీ అయినప్పుడు, నేను బస్సెక్కి అల్ రాయ్ వెళ్లేవాణ్ణి. గదిలో వాళ్లకు కంప్యూటర్ కోర్సు అని చెప్పాను.

నెస్టర్‌ను మొదట కలిసింది పని మీదే. మా సైటుకు డక్టులు తెచ్చాడు. ఫోన్లో ఏదో పాట పెట్టుకుని రేకు కొలుస్తున్నాడు. తీగ మీద ఇనుప ముక్క జార్చినట్టు సాగే గిటారు, మధ్యలో ఫిడేలు, మనిషి గొంతు మాత్రం ఎవరితోనో మామూలుగా మాట్లాడుతున్నట్టు ఉంది. అమెరికా పల్లెల పాటలు, కంట్రీ మ్యూజిక్ అన్నాడు. లారీ గురించి, వాన గురించి, వెళ్లిపోయిన మనిషి గురించి ఉంటాయి, అంతకు మించి ఏమీ ఉండవన్నాడు. నేను పాట అయ్యేదాకా నిలబడ్డాను. అతను నన్ను ఎంతసేపు చూశాడో, ఏం చూశాడో తెలియదు. రెండు వారాల తర్వాత శుక్రవారం రమ్మన్నాడు.

అతను కుర్రతనంలో ఓడలో ఇంజిన్ ఫిట్టర్. ఓడ మరమ్మతుకు అమెరికా దక్షిణాన ఒక రేవులో మూడు నెలలు ఆగిపోయింది. అక్కడ ఎవరో ఒక గే బార్‌కు తీసుకెళ్లారు. ఈ కథ అతను హిందీ, ఇంగ్లీషు కలిపి ఎన్నిసార్లు చెప్పినా మేము కొత్తగా వినేవాళ్లం. టోపీలు పెట్టుకున్న మగవాళ్లు, గళ్ల చొక్కాలు, అరచేయంత బెల్టు బకిల్సు. లారీ డ్రైవర్లు, పశువులు కాసేవాళ్లు, ఒక పళ్ల డాక్టరు. జంటలు జంటలుగా అందరూ ఒకే దిక్కున, గడియారానికి ఎదురు తిరుగుతూ గది చుట్టూ వెళుతున్నారు. "ఒక ముసలాయన నా దగ్గరకొచ్చి టోపీ తీసి అడిగాడు: ముందా, వెనకా? నా బతుకులో నన్నెవరూ ఏదీ అంత మర్యాదగా అడగలేదు," అనేవాడు నెస్టర్.

ఆ నాట్యం పేరు టూ-స్టెప్. రెండు గబగబా అడుగులు, రెండు నిదానపు అడుగులు. ముందు ఉన్నవాడు ఎదురుగా నడుస్తాడు. వెనక ఉన్నవాడు చూడకుండా వెనక్కి నడుస్తాడు, అవతలివాడి చేయి తన భుజం ఎముక మీద ఎటు నొక్కితే అటు. కాలు ఎత్తకూడదు, జార్చాలి. మా సేఫ్టీ బూట్లు జారవు, వాటిని చేసిందే జారకుండా ఉండడానికి. అందుకే నెస్టర్ డక్టులకు చుట్టే ఫెల్టు కోసి పాత బూట్లకు అంటించి, పాత ఫిల్టర్లు అని రాసిన అట్టపెట్టెలో దాచేవాడు. నేలకు టేపు అంటించింది నేను. చుట్టుకొలత ఇరవై ఆరు మీటర్లు. తాగడానికి మత్తు ఏదీ లేకపోయినా మేము దాన్ని బార్ అనే పిలిచాం. కౌంటర్ మీద మోచేయి ఆనించి, లబన్ సీసా పట్టుకుని, కాసేపు ఎవరికీ భయపడకుండా నిలబడగలిగే చోటుకు ఇంకో మాట మాకు తెలియదు.

రమణన్న నాలుగు శుక్రవారాలు కుర్చీలోనే కూర్చున్నాడు. ఊళ్లో భార్య, ఇద్దరు కూతుళ్లు. ఐదో వారం ఉన్నట్టుండి లేచి, "ఇది మా చెక్కభజనే గదప్పా! గురువు ముందర, మనం గుండ్రంగా. కాకపోతే చెక్కలు లేవు, గజ్జెలు లేవు," అన్నాడు. చిన్నప్పుడు రాములవారి గుడి ముందు భజన జట్టులో ఆడినవాడు. ఆ రోజు నుంచి మాలో అందరికన్నా తాళం తప్పనివాడు ఆయనే. మగవాళ్లు మగవాళ్లతో రాత్రంతా ఆడుతుంటే ఊరంతా కూర్చుని చూసి, ఆడినవాళ్లకు పానకం ఇచ్చేవారట. "ఆడ ఎవురూ ఏమీ అడగలా. ఈడ తలుపేసుకోవాల," అని నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగింది.

ఖాజా చివర వచ్చాడు. రమణన్నే తీసుకొచ్చాడు. సాల్మియాలో ఒక ఇంట్లో డ్రైవర్. ఆ ఇంటి యజమానురాలు, అతను మామా అని పిలిచే ఆమె, బండిలో వేసే ధూపం వాసన అతని చొక్కాలో ఎప్పుడూ ఉండేది. మొదటి రోజు నెస్టర్ తన అలవాటు ప్రకారం అడిగాడు, ముందా, వెనకా అని. ఖాజా నా వైపు తిరిగి తెలుగులో, "వారమంతా స్టీరింగు నాదే. శుక్రవారమన్నా నువ్వు తోలు," అన్నాడు. నేను అడుగులు పైకి లెక్కపెట్టేవాణ్ణి. ఇంగ్లీషు అంకెలు నా నోట్లో తడబడేవి. ఖాజా విసుక్కుని తన లెక్క తెచ్చాడు: "బిర్న, బిర్న, నిదానం... నిదానం." రెండు వారాల్లో నేపాలీలు కూడా బిర్న బిర్న అనడం మొదలుపెట్టారు. "ఇంజినీర్, నోటితో కాదు, కాళ్లతో లెక్కపెట్టు," అని నెస్టర్ కౌంటర్ దగ్గరి నుంచి అరిచేవాడు. ఖాజా వెనక్కి నడిచేటప్పుడు ఒక్కసారి కూడా తల తిప్పి చూసేవాడు కాదు. గోడ వస్తే అని నేను భయపడితే, "నువ్వుండావు గదా," అనేవాడు. అంతే. ఆ మాట విన్నప్పుడల్లా నా అరచేతికి చెమట పట్టేది. నా వయసు మనుషులు ప్రేమ అనే పదంతో ఏం చెబుతారో నాకు తెలియదు. నాకు తెలిసింది, గోడకు అతని వీపుకు మధ్య ఎంత దూరం ఉందో నిమిషం నిమిషానికీ లెక్క ఉంచుకోవడం.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. మా ప్లాంటులో మూసి ఉన్న ఏ చోటుకు వెళ్లినా హాజరు పట్టీ ఉంటుంది. పేరు, పని, ఉండే చోటు, లోపలికి వచ్చిన సమయం, బయటికి వెళ్లిన సమయం, రిమార్కులు. ప్రమాదం జరిగితే ఎంతమంది లోపల చిక్కుకున్నారో చెప్పేది ఆ కాగితమే. మాకు మొదటి రోజు శిక్షణలో నేర్పినది ఒకటే: పట్టీలో బయటికి వెళ్లిన సమయం లేకపోతే ఆ మనిషి లోపలే ఉన్నట్టు. నీ కళ్లు ఏం చెప్పినా సరే, వెతకాలి. వర్క్‌షాపుకు ఒకటే చిన్న తలుపు, షట్టర్ లోపలి నుంచి దింపి ఉంటుంది, చుట్టూ జిగురు డబ్బాలు. తొమ్మిది మంది. నిప్పు అంటుకుంటే? నేను పట్టీ రాయడం మొదలుపెట్టాను. నెస్టర్ చూసి నుదురు ముడిచాడు. కంగారు పడకు, తెలుగులో రాస్తున్నాను, ఈ దేశంలో పోలీసులు చదవలేరు, యజమానులు చదవలేరు అన్నాను. అది నిజమే. ముందు ఎవరు, వెనక ఎవరు, ఎన్ని పాటలు అని ఒక గడి కూడా కలిపాను, వంతులు సమానంగా రావాలని. నా వరసలో పేరు బదులు నేను అని రాసుకునేవాణ్ణి. నేనెవరో నాకు తెలుసు కాబట్టి. రిమార్కుల గడి ఖాళీగా వదలకూడదు. అదీ శిక్షణే.

ఆ శుక్రవారం ఖాజా ఎదుట ఆ గడిలో రాసినది: ఈ రోజు నాలుగుసార్లు నవ్వాడు.

ఏడో పాట మధ్యలో మామా ఫోన్ చేసింది. పిల్లలను ఎక్కడి నుంచో తీసుకురావాలి, యల్లా, త్వరగా. అతను ఫెల్టు బూట్లు విప్పి, ఒక కాలికి చెప్పు తొడుక్కుంటూనే తలుపు దాటాడు. "వచ్చే వారం ఈ పాట కాడ్నించే," అన్నాడు. నేను ఆ తలుపు వైపే చూస్తూ నిలబడి, సమయం రాయడం మరిచిపోయాను. ఆ రోజు సెలవైనా ఓవర్‌టైం పడి, బస్సు ఆలస్యమై సైటు నుంచి యూనిఫాంతోనే నేరుగా వచ్చాను కాబట్టి, పట్టీ మడిచి దాని జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి ఓబులేసన్న ఉతికే బట్టలు వేరు చేస్తున్నాడు. నా యూనిఫాం కూడా. కాగితం ఆయన చేతిలో ఉంది, గదిలో మిగతా నలుగురూ నవ్వుతున్నారు.

"ఏంది రా ఇది? ఖాజా, డ్రైవరు, సాల్మియా. వెనక. ఏడు పాటలు. నాలుగుసార్లు నవ్వినాడు. ఎవుర్రా ఈ నవ్వే మొగోడు?"

"చెక్కభజన ప్రాక్టీసన్నా," అన్నాను.

"చెక్కభజనలో ముందా వెనకా ఏంది రా నాయనా! కంప్యూటరు కోర్సంటివే!"

అందరూ మళ్లీ నవ్వారు. నేనూ నవ్వాను. మంగఫ్‌లో మా అంతస్తులో పద్నాలుగు గదులు, అందులో పదకొండు గదులు కడప, రాయచోటి వాళ్లవే. తెలుగులో రాస్తే ఎవరూ చదవలేరని అనుకున్న వాణ్ణి నేను.

ఆయన అప్పటికే ఫొటో తీసి మా వైపు వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. నవ్వుకోవడానికి. రాత్రి పడుకునే ముందు నా బంకు దగ్గరకు వచ్చి మెల్లగా, "నీ పేరు యాడా చెప్పలేదులే. నేను అని ఉండాది గదా, ఎవురో అనుకుంటారు. మనోడివి," అన్నాడు. నా మోకాలి మీద తట్టాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు తట్టినట్టే.

సోమవారం ఖాజా నుంచి ఒక వాయిస్ మెసేజ్. "సుధా, నా పేరు యాడన్నా రాసినావా? మా పెద్దన్న కూరగాయల మార్కెట్టులో ఉంటాడే, ఆయప్పకు ఎవురో ఏందో చూపించినారంట. వస్తాండాడు. యాడన్నా రాసింటే చెప్పు, నేనేమీ అననులే." గొంతులో కోపం లేదు. తొందర ఉంది, బిర్న బిర్న అన్నప్పటి తొందర. నేను ఆ మెసేజ్ ఆరుసార్లు విన్నాను. రాయలేదు అని టైపు చేసి పంపాను.

అది నేను చేసిన రెండో పని. మొదటిదాన్ని పొరపాటు అనవచ్చు.

చెప్పి ఉంటే అతను ఏదో ఒకటి చేసుకునేవాడు. ఆ ఖాజా నేను కాదని అని ఉండేవాడు, వేరే ఇల్లు వెతుక్కునేవాడు, రమణన్న గదికి వెళ్లేవాడు. అన్నకు చెప్పాల్సిన అబద్ధానికి అతనికి ఒక రోజు దొరికేది. నేను ఆ రోజు తీసేసుకున్నాను. బుధవారం పొద్దున్నుంచి ఖాజా ఫోన్ మూగబోయింది. నేను కడుపునొప్పి అని చెప్పి సైటు నుంచి బయటపడి సాల్మియా వెళ్లాను. ఎండలో బస్టాపు ఇనుప కడ్డీ ముట్టుకుంటే బొబ్బ లేచేలా ఉంది. ఆ ఇంటి వెనక గేటు దగ్గర, చెత్త సంచులు తెచ్చిన మా వైపు మనిషి ఒకామె కనిపించింది. వంటపని చేసే సుబ్బక్క అని ఖాజా చెప్పేవాడు.

"ఖాజానా? పొద్దన్నే పోయినాడు నాయనా. వాళ్లన్న వచ్చె, అమ్మకు బాగలేదని మామాకు చెప్పె. మామా పాస్‌పోర్టు ఇచ్చేసింది. ఖలాస్." ఆమె నన్ను పైనుంచి కిందకు చూసింది. "అమ్మకు బాగలేకపోతే మడిసి ఏడుస్తాడు గదా. ఆ పిల్లోడు ఏడవలా. మాట్లాడలా. నువ్వు ఏమైతావు అతనికి?"

తెలిసినోణ్ణి అన్నాను.

విమానం పొద్దున వెళ్లిపోయిందని తెలిసీ టాక్సీలో విమానాశ్రయానికి వెళ్లాను. లెక్క ప్రకారం అది అనవసరమైన ప్రయాణం. బోర్డు మీద మన దేశానికి వెళ్లే విమానాలు ఒక్కొక్కటే పేరు మారిపోయేదాకా మూడు గంటలు నిలబడ్డాను. ధూపం వాసన వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగాను. ఆ ఊళ్లో సగం మంది దగ్గర అదే వాసన వస్తుంది.

తరువాతి శుక్రవారం నెస్టర్‌కు జరిగింది చెప్పాను. అతను అరవలేదు. మోకాళ్ల మీద కూర్చుని పసుపు టేపు పీకడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లు అట్టపెట్టెలోంచి ఎవరి బూట్లు వాళ్లు తీసుకుని, ఎవరూ ఎవరికీ చేయి ఇవ్వకుండా వెళ్లారు. రమణన్న ఒక్కడే నా దగ్గర ఆగి, "కువైట్లో రమణలు వెయ్యిమంది ఉండార్లే అబ్బీ, నా సంగతి వదిలెయ్. ఆ పిల్లోని సంగతి చూడు," అన్నాడు. ఏం చూడాలో ఆయనకూ తెలియదు. టేపు పీకుతూనే నెస్టర్ అన్నాడు: "అమెరికాలో ఆ బార్‌లో గుమ్మం దగ్గర ఒకడు కూర్చుంటాడు, ఇంజినీర్. అతనూ లోపల ఎంతమంది ఉన్నారో లెక్క పెడతాడు. ఎవరి పేరూ అడగడు. చేతి మీద సిరా ముద్ర వేస్తాడు. తెల్లారి స్నానం చేస్తే పోతుంది." స్తంభం పక్క టేపు గట్టిగా అంటుకుని రాలేదు. వదిలేశాడు. ఆ ఏడాది చివర కాంట్రాక్టు అయిపోయి తన దేశం వెళ్లిపోయాడు.

సెలవులకు ఊరెళ్లినప్పుడు రెండుసార్లు రాయచోటిలో ఖాజా వాళ్ల వీధికి వెళ్లాను. మొదటిసారి ఇంటి ముందు నుంచి నడిచి వచ్చేశాను, ఆగలేదు. రెండోసారి ఆగాను. పక్కింటి ముసలామె, "వాళ్లు ఇల్లు ఖాళీ చేసి పోయినారు, యాడికో తెలీదు," అంది. చిన్నవాడు ఎలా ఉన్నాడని అడిగాను. "వాళ్లింట్లో చిన్నోడు ఉన్నాడని చెప్పుకోరు," అని తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ మాట ఎన్ని రకాలుగా అర్థం చేసుకోవచ్చో వరసగా కాగితం మీద రాశాను. ఐదు వచ్చాయి. ఒకటి కొట్టేశాను, అది నేను చదవలేను. కాగితం చింపేశాను.

ఇప్పుడు నేను సూపర్‌వైజర్‌ని. రోజూ నూట నలభై మంది హాజరు నా చేతుల మీదుగా నడుస్తుంది. కాగితం పోయి ట్యాబ్లెట్ వచ్చింది. రిమార్కుల గడిలో ఏమీ రాయను. ఇంకా అదే అంతస్తులో ఉంటున్నాను. ఓబులేసన్నకు చక్కెర జబ్బు, సంగటి తగ్గించాడు, తొక్కు డబ్బా వాసన చూడడం మాత్రం మానలేదు. ఆ కాగితం నాకు తిరిగి ఇచ్చింది ఆయనే, ఖాజా వెళ్లిన సంగతి విన్న రోజు. "నవ్వుకుందామని పెట్టినా రా. ఇంత అయితాదని అనుకోలే," అన్నాడు. ఇప్పటికీ ఆయన కెలికిన సంగటే తింటున్నాను. అడుగులు మాత్రం మరిచిపోలేదు. బస్సు దిగి గేటు దాకా నడిచేటప్పుడు, ఫైర్ డ్రిల్లులో మనుషుల వరస దాటేటప్పుడు, కాళ్లు వాటంతట అవే రెండు గబగబా, రెండు నిదానంగా పడతాయి. ఎడమ చేయి కొంచెం పైకి లేస్తుంది. దించేస్తాను.

తివాచీల గోదాములో ఆ టేపు ముక్క చూసిన రోజు పట్టీ మళ్లీ చదివాను. మడతల దగ్గర చిరిగింది, కానీ గడులన్నీ కనబడుతున్నాయి. ఎనిమిది వరసల్లో చివరి సమయం ఉంది. ఖాజా వరసలో లేదు. పెన్ను తీసి, అతను తలుపు దాటిన సమయం గుర్తు చేసుకుని రాయాలని చూశాను. ఏడో పాట మధ్య అన్నది గుర్తుంది. సమయం గుర్తు లేదు. అంచనాగా రాయడం మా పనిలో నిషేధం. పెన్ను మూత పెట్టేశాను.

లోపలికి వచ్చినవాళ్లు తొమ్మిది. బయటికి వెళ్లినవాళ్లు ఎనిమిది.